ఫుట్‌బాల్‌లో వీడియో రిఫరీ: ప్రయోజనాలు, పరిమితులు

ఫుట్‌బాల్ రిఫరీ తీసుకునే నిర్ణయాలు ప్రధానంగా రెండు రకాలు. బంతి గోల్ గీత దాటిందా, ఆటగాడు ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడా, ఫౌల్ పెనాల్టీ ఏరియా లోపల జరిగిందా అనేవి వాస్తవానికి సంబంధించినవి. చేతికి బంతి తగలడం తప్పా కాదా, ట్యాకిల్ రెడ్ కార్డు చూపాల్సినంత ప్రమాదకరమా అనేవి రిఫరీ విచక్షణకు సంబంధించినవి. వీడియో పరిశీలన ఈ రెండింటిపైనా ఒకే విధమైన ఫలితాన్ని ఇవ్వలేదు.

నేపథ్యం

1986 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో మారడోనా ఇంగ్లండ్‌పై చేత్తో గోల్ చేశాడు. 2009 నవంబరులో ఫ్రాన్స్ ఆటగాడు థియరీ ఆన్రీ హ్యాండ్‌బాల్ వల్ల ఐర్లండ్ ప్రపంచ కప్‌కు దూరమైంది. 2010 ప్రపంచ కప్‌లో జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటినా గోల్ దక్కలేదు. ఈ మూడు తప్పులూ టీవీ ప్రేక్షకులకు తెలిశాయి, మైదానంలోని రిఫరీకి తెలియలేదు. నిబంధనలు రూపొందించే ఐఎఫ్ఏబీ 2012లో గోల్‌లైన్ సాంకేతికతను అనుమతించింది. 2016లో వీడియో అసిస్టెంట్ రిఫరీ (వీఏఆర్) ప్రయోగాలకు అంగీకరించి, 2018 మార్చిలో దానిని నిబంధనల్లో చేర్చింది. ఆ ఏడాదే రష్యా ప్రపంచ కప్‌లో వీఏఆర్ అమలైంది.

ఆనాటి నిబంధన ప్రకారం గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు మరొకరికి కార్డు చూపడం అనే నాలుగు సందర్భాల్లోనే వీఏఆర్ జోక్యం చేసుకోవాలి. అదీ స్పష్టమైన పొరపాటు జరిగినప్పుడు, లేదా తీవ్రమైన ఘటన రిఫరీ దృష్టికి రానప్పుడు మాత్రమే. తుది నిర్ణయం రిఫరీదే.

ఫలితాలు

13 దేశాల్లోని 2,195 మ్యాచ్‌లను పరిశీలించి 2021లో వెలువరించిన ఒక అధ్యయనం ప్రకారం, ఇటువంటి కీలక నిర్ణయాల్లో కచ్చితత్వం 92.1 శాతం నుంచి 98.3 శాతానికి పెరిగింది. రిఫరీలు ముందే చాలావరకు సరిగ్గా నిర్ణయిస్తున్నారని, మిగిలిన తప్పుల్లో అధిక భాగం వీడియోతో తగ్గిందని ఈ అంకెలు చెబుతున్నాయి.

విచక్షణ అవసరమైన చోట చిత్రం వేరు. స్లో మోషన్‌లో ఫౌల్ చూసిన రిఫరీలు మామూలు వేగంలో చూసిన వారికంటే కఠినమైన శిక్ష వేస్తున్నారని 2018 నాటి పరిశోధన తేల్చింది. కదలిక నెమ్మదించినప్పుడు ప్రమాదవశాత్తు తగిలిన దెబ్బ కూడా కావాలని చేసినట్లు కనిపించవచ్చు. అందుకే బంతి ఎక్కడ తగిలిందో తేల్చడానికి స్లో మోషన్‌ను, దెబ్బ తీవ్రతను అంచనా వేయడానికి మామూలు వేగాన్ని వాడాలని వీఏఆర్ నియమావళి సూచిస్తుంది. 2018 ప్రపంచ కప్ ఫైనల్లో ప్రత్యర్థి ఆటగాడు పెరిసిచ్ హ్యాండ్‌బాల్‌కు వీడియో చూశాకే ఫ్రాన్స్‌కు పెనాల్టీ ఇచ్చారు. బంతి చేతికి తగిలిందన్నది వాస్తవం. అది శిక్షార్హమా అన్న వివాదం వీడియోతో సమసిపోలేదు.

పరిమితులు

వాస్తవ నిర్ణయాలకూ హద్దులున్నాయి. సెకనుకు 50 ఫ్రేములు తీసే కెమెరాలో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 0.02 సెకన్ల వ్యవధి ఉంటుంది. సెకనుకు 8 మీటర్ల వేగంతో పరుగెత్తే ఆటగాడు ఆ వ్యవధిలో 16 సెంటీమీటర్లు కదులుతాడు. ఇక వేలెడు తేడాతో ఆఫ్‌సైడ్ ప్రకటించడం సందేహాస్పదమే. 2022 ప్రపంచ కప్‌లో 12 ప్రత్యేక కెమెరాలను, బంతిలో సెకనుకు 500 సార్లు సమాచారం పంపే సెన్సర్‌ను ఉపయోగించి ఈ లోపాన్ని తగ్గించారు. మానవ తప్పిదం మాత్రం పోలేదు. 2023 సెప్టెంబరులో టాటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ చేసిన గోల్‌ను మైదానంలో ఆఫ్‌సైడ్‌గా ప్రకటించారు. గోల్ ఇచ్చారనుకున్న వీడియో బృందం మైదానంలోని నిర్ణయాన్నే ఖరారు చేయడంతో న్యాయమైన గోల్ రద్దయింది.

స్టేడియంలోని ప్రేక్షకుడికి నష్టం మరో రూపంలో ఉంది. గోల్ పడిన వెంటనే సంబరపడే వీలు లేదు, పరిశీలన ఎందుకు సాగుతోందో చాలాసార్లు తెలియదు. అభిమానుల సభ్యత్వంతో నడిచే క్లబ్బులున్న స్వీడన్ 2024లో వీఏఆర్‌ను తిరస్కరించింది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అదే ఏడాది రద్దు ప్రతిపాదన 19–1 ఓట్లతో వీగిపోయింది.

వాస్తవాలను తేల్చడంలో వీడియో ఆటకు మేలు చేసింది. విచక్షణ నిర్ణయాల్లో అది తప్పును తగ్గించగలదు కానీ, వివాదాన్ని తొలగించలేదు. అందువల్ల ఆఫ్‌సైడ్, గోల్‌లైన్ నిర్ణయాలను యంత్ర సాయంతో వేగంగా తేల్చి, మిగిలిన వాటిలో రిఫరీ చేసిన దారుణమైన పొరపాట్లకే వీడియోను పరిమితం చేయడం, ప్రతి పరిశీలన కారణాన్నీ స్టేడియంలో ప్రకటించడం సమంజసం.