గనిదిబ్బలపై పచ్చదనము



నేను ముప్పదియేండ్లు పాఠశాలలో బూజు పైరునకు శత్రువని బోధించితిని. జొన్నకంకిపై కాటుకతెగులును చూపి, బాలురకు ఆ మాటనే వల్లెవేయించితిని. అది సగము సత్యమేయని ఉద్యోగము విరమించిన పిమ్మట తెలిసికొంటిని. మిగిలిన సగమును నేడు విన్నవించెదను.

1885వ సంవత్సరమున ఫ్రాంకు అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఒక వింతను ప్రకటించెను. అడవిచెట్ల వేళ్లకొనలను సన్నని శిలీంధ్రపు పొర తొడుగువలె కప్పియుండెను. అయినను ఆ చెట్లు ఆరోగ్యముగనే యుండెను. ఈ శిలీంధ్రము చెట్టునకు దాది వంటిదని యాయన తలచి, ఆ జంటకు మైకోరైజా యని పేరిడెను. గ్రీకుభాషలో దానికి శిలీంధ్రమూలమని యర్థము. పండితులు పలువురు ఒప్పుకొనలేదు. కాని తరువాతి పరీక్షలు ఆయన పక్షమునే నిలిపినవి. వెండ్రుకకన్న సన్ననైన యీ పోగులు వేరు చొరలేని సందులలో చొచ్చి, భాస్వరమును నీటిని తెచ్చియిచ్చును. ప్రతిగా చెట్టు తాను వండిన చక్కెరలో పాలిచ్చును.

ఇక గనుల సంగతి. రాగిని, తుత్తునాగమును తీసికొనగా మిగిలిన రాతిపొడి దిబ్బలై పడియుండును. అందు సారము లేదు, తేమ నిలువదు. లోహవిషము వేళ్లను మాడ్చును. అట్టి నేలపై సయితము ఐరోపాఖండమున హెదరు అను చిన్నపొద బ్రదుకుట కలదు. 1981లో ఇంగ్లండునందలి షెఫీల్డు విశ్వవిద్యాలయమున డేవిడ్ రీడ్ అను నాతడును, ఆయన సహచరులును దాని మర్మమును పరీక్షించిరి. కొన్ని మొలకలను శిలీంధ్రముతోను, కొన్నింటిని అది లేకయు పెంచి, రెండు తెగలకును రాగిని, తుత్తునాగమును తగిలించిరి. ఒంటరి మొలకలు కుంగిపోయెను, తోడుగలవి తాళుకొనెను. వాని కొమ్మలయందు లోహమును తక్కువగానే యుండెను. వేళ్లలోని శిలీంధ్రము, వాకిట నిలిచిన కావలివానివలె, విషమును పట్టి పైకి పోనీయలేదు.

అమెరికాలో డొనాల్డు మార్క్సు అను శాస్త్రజ్ఞుడు పైన్ మొక్కలకు నారుమడిలోనే తగిన శిలీంధ్రమును చేర్చి, బొగ్గుగనుల దిబ్బలపై నాటించెను. ఒక్కొక్క జాతి మొక్కకు ఒక్కొక్క తెగ శిలీంధ్రము తోడగును.

అయినను ఒక హెచ్చరిక. విషము కట్టుబడినదే గాని నశింపలేదు. కావున అట్టి దిబ్బపై తిండిపంట పెట్టరాదు. ఆ పచ్చదనము ధూళి రేగకుండ, మన్ను వాగులలోనికి కొట్టుకొనిపోకుండ కాపాడుటకు మాత్రమే. గని త్రవ్వువారు మొదట తొలగించెడి పైమన్నును కుప్పగా ఏండ్లతరబడి విడిచినచో అందలి శిలీంధ్రము క్షీణించును. అట్టి మన్నును మరల పరచినను, దాదిలేని బిడ్డవలె మొక్క యలమటించును.

నా పూర్వశిష్యులెవరైన వినుచున్నచో, ఆ పాతపాఠమును దిద్దుకొందురు గాక. సెలవు.