ఈడు వచ్చిన బిడ్డలు – ఇంటి కట్టుబాట్లు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెద్దలను కలవరపెట్టు ప్రశ్న యొకటి కలదు. పదుమూడు మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల బిడ్డలను ఎంతవరకు అదుపులో నుంచవలెను? ఆ అదుపు ఆడబిడ్డకు ఒక తీరుగను, మగబిడ్డకు మరియొక తీరుగను ఉండవచ్చునా? దీనికి చరిత్ర కొంత సమాధానము చెప్పగలదని మా నమ్మకము.

మన ముత్తవ్వల కాలమున ఈ ప్రశ్నయే అరుదు. ఈడు వచ్చునాటికే పలువురు ఆడపిల్లలకు వివాహమై యుండెడిది. కనిపెట్టు భారము తల్లినుండి అత్తగారికి చేరెడిది. 1929లో పుట్టి 1930 ఏప్రిల్ 1 నుండి అమలైన శారదా చట్టము వధువునకు 14, వరునకు 18 ఏండ్లు కనీస వయస్సుగా విధించెను. వధువు వయస్సు 1949లో 15కు, 1978 సవరణచే 18కి పెరిగెను. వరునకు 21 అయ్యెను. చట్టము అన్ని గడపలను ఒకేసారి దాటలేదు. ఈ జిల్లా కొండపల్లెలలో బాల్యవివాహములు నేటికిని పూర్తిగా అంతరింపలేదు. అయినను ఈడు వచ్చిన కన్య పుట్టింటనే కొన్నేండ్లు గడుపు కొత్త కాలమొకటి మెల్లగా ఏర్పడినది. దానిని నడుపుటకు పెద్దలకు పూర్వుల బాట లేదు. అందుచే అత్తవారింటి కట్టుబాట్లనే పుట్టింటికి తెచ్చిరి. మగపిల్లవానికి అట్టి కట్టుబాటు ఏదియు ఏర్పడలేదు.

మా యింటి సంగతియే చెప్పెదము. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడిన కొన్నేండ్లకు మా అక్కగారి చదువు ఎనిమిదవ తరగతితో ఆగినది. మేము సైకిలుపై పోయి ఎస్.ఎస్.ఎల్.సి. ముగించితిమి. వీధిలో మిత్రులతో తిరిగి తమిళ కన్నడములు నేర్చితిమి. ఎందుకు ఆలస్యమైనదని ఎవరును అడుగలేదు. అక్కగారు అవ్వ ప్రక్కన కూర్చుండి మన తెలుగును నిలుపుకొనిరి. మా బిడ్డలచే ఓనమాలు దిద్దించినవారు వారే. మాకు తెలుగు దక్కినది; వారికి చదువు దక్కలేదు. ఇది తలచినప్పుడెల్ల మనస్సు కలుక్కుమనును.

కాలము మారినది. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడినది. హోసూరు కర్మాగారములలో యువతులును పని చేయుచున్నారు. ప్రభుత్వ పాఠశాలలలో చదివి కళాశాలలో చేరిన ఆడపిల్లలకు తమిళనాడు ప్రభుత్వము 2022 సెప్టెంబరులో నెలకు 1000 రూపాయల సహాయము ఆరంభించెను. 2024 ఆగస్టులో మగపిల్లలకును అట్టిదే ఏర్పరచెను. ప్రభుత్వము ఇరువురిని సమముగ చూచినను, ఇంటి గడప చూచుట లేదు.

మా మనుమరాలు ఒకనాడు, “తాతా, అన్న రాత్రి తొమ్మిదికి వచ్చినా అడగరు. నాకు ఆరు దాటితే ఇల్లంతా వీధిలో నిలబడుతుంది. నా మీద నమ్మకం లేదా?” అని అడిగెను. మేము బదులు వెదకుచుండగా మనుమడు మెల్లగా, “నన్ను ఎవరూ అడగరు తాతా. పరీక్ష తప్పిన రోజు కూడా ఎక్కడికి పోయినావని అడగలేదు,” అనెను. ఆమెకు ప్రశ్న అనుమానముగను, అతనికి ప్రశ్న లేకపోవుట అనాదరముగను తోచినవి. ఈ రెండవ బాధను మేము అంతవరకు ఎరుగము.

స్వీడన్ దేశమున స్టాటిన్, కెర్ అను పరిశోధకులు 703 మంది పదునాలుగేండ్ల బిడ్డలను, వారి తలిదండ్రులను విచారించి 2000లో ఒక విషయము ప్రకటించిరి. బిడ్డల సంగతులు పెద్దలకు తెలియుట నిఘావలన కంటె, బిడ్డలు తమంతట తాము చెప్పుకొనుటవలననే హెచ్చు.

ఆడబిడ్డను గూర్చిన భయము వట్టిదని మేము అనము. చీకటి దారియు, దొరకని బస్సును నిజమే. కాని దారి చెడ్డదైనచో తోడు పోవలెను, చదువు మాన్పరాదు. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడు వచ్చెదవు అను మూడు ప్రశ్నలను ఇప్పుడు మా యింట ఇరువురిని సమముగ అడుగుచున్నాము. రాత్రి భోజనము వేళ ఇరువురును తమ దినచర్యను తెలుగున చెప్పుచున్నారు. అక్కగారు వినుచు, మాటలు దిద్దుచున్నారు. మన యిండ్లన్నిటను ఇట్టి వేళ యొకటి ఏర్పడిన, బిడ్డలును భాషయు కూడ మనకు దక్కుదురని మా ఆశ.