చిన్న పంతుళ్ళ చరిత్ర

పంతులు కాదలచినవాడికి పాఠం చెప్పే అనుభవం ముందే కావాలంటారు. ఆ మాట కాదనలేం గానీ, అది చాలదని చెప్పే సాక్ష్యం మన వీధిబడుల్లోనే ఉంది. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ పంపిన నివేదికలో 533 బడుల లెక్క కనిపిస్తుంది. వాటిలో 226 తెలుగువి, 235 కన్నడానివి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెబుతూ తమ చదువునూ గట్టిచేసుకునే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. ఈ మెచ్చుకోలు మనవాళ్ళకు బాగా గుర్తు. అదే నివేదికలో, పిల్లలు వల్లించే పద్యాలకు అర్థం చెప్పగల అయ్యవార్లే అరుదని రాసిన సంగతిని మాత్రం దాటేస్తారు. అయ్యవారికి తెలియని అర్థం ఆయన కింద పాఠం చెప్పే పిల్లవాడికి ఎక్కడినుంచి వస్తుంది?

ఆ పిల్లవాడు పంతులు కావాలని పాఠం చెప్పలేదు కదా, దాన్ని శిక్షణ అనడమేమిటని అడగవచ్చు. నిజమే. అయితే శిక్షణగా మలిచినచోటా ఇదే ఎదురైంది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల పిల్లల అనాథాశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, ఇసుకలో అక్షరాలు దిద్దించడం ఇక్కడి బడిలో చూసి నేర్చాడు. పిల్లలచేత పిల్లలకు చెప్పించడం మాత్రం తన ఊహేనన్నాడు. అక్కడ ఓనమాల తరగతిని 8 ఏళ్ళ జాన్ ఫ్రిస్కెన్‌కు అప్పగించాడు. 1797లో లండన్‌లో ఈ పద్ధతిపై బెల్ పుస్తకం వచ్చాక, ఇంగ్లండులో ఇలాగే పిల్లలచేత చెప్పించిన జోసెఫ్ లాంకాస్టర్ బడుల్లో ఒక్క మాస్టరు కింద వందలమంది కూర్చున్నారు. ఖర్చు తగ్గింది. చిన్న పంతులు అప్పుడే విన్న పాఠాన్ని అలాగే అప్పజెప్పేవాడు, అంతే.

ఈ లోటు చూసే ఇంగ్లండు విద్యాధికారి కే-షటిల్‌వర్త్ 1846లో పద్ధతి మార్చాడు. 13 ఏళ్ళ పిల్లను లేదా పిల్లవాణ్ణి అయిదేళ్ళు బడికి కట్టుబడేలా చేర్చుకుని, ఏడాదికి 10 పౌన్లతో మొదలుపెట్టి 20 దాకా ఇచ్చేవారు. నాకు ముఖ్యమనిపించేది జీతం కాదు: హెడ్మాస్టరు వాళ్ళకు రోజూ గంటన్నర విడిగా చదువు చెప్పాలి, ఏటా ఇన్‌స్పెక్టరు పరీక్షించాలి, అలా చెప్పినందుకు హెడ్మాస్టరుకూ డబ్బు ముట్టేది. పగలంతా పాఠం చెప్పి పిల్లలు అలసిపోయేవారన్న ఆక్షేపణా సరైనదే. అందుకే 1903 నిబంధనలు కనీస వయసును 16కు, పల్లెల్లో 15కు పెంచాయి. మన దేశంలో 2014 నిబంధనలు రెండేళ్ళ బీఎడ్‌లో 20 వారాలు బడిలో గడపాలన్నాయి. ఆ వారాల్లో బీఎడ్ విద్యార్థి చెప్పే పాఠాన్ని వెనక బెంచీలో కూర్చుని విని దిద్దే సీనియర్ పంతులుకు ఆ పనికి వేరే వేళ, వేరే వేతనం ఉన్నాయా అన్నది 1846 మనల్ని అడిగే ప్రశ్న.