పట్టాల కింద పుట్టిన మాట

1955 ఏప్రిల్ 5న అమెరికాలో ఒక విద్యార్థి సంఘం సమావేశమైంది. ఆ రోజు మినిట్స్ పుస్తకంలో చిన్న సూచన ఒకటి రాసిపెట్టారు. వైరింగు మీద పని చేసేవాళ్లూ, హ్యాకింగ్ చేసేవాళ్లూ ముందు కరెంటు ఆపాలి, ఫ్యూజులు పోకుండా చూడాలి అని. యంత్రాలతో కుస్తీ పట్టడం అనే అర్థంలో ‘హ్యాకింగ్’ మాట కాగితం మీద కనిపించినవాటిలో, ఇప్పటిదాకా తెలిసినంతలో, ఇదే పాతది. ఆ సంఘం కంప్యూటర్లది కాదు, బొమ్మరైళ్లది. మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలోని ఎం.ఐ.టి. విద్యార్థులు నడిపే టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్. 1946-47 విద్యాసంవత్సరంలో మొదలైన ఆ క్లబ్బుకు ఇప్పుడు దాదాపు 80 ఏళ్లు.

హైదరాబాద్ ఇంజనీరింగు కాలేజీల్లో ఇవాళ హ్యాకథాన్లు జరుగుతున్నాయి. మన పత్రికల్లో మాత్రం హ్యాకర్ అంటే బ్యాంకు ఖాతా దోచేవాడు. ఈ రెండు వాడుకలకూ తాతలాంటి అర్థం ఆ క్లబ్బు గదిలో ఉంది. ఆ గది కథ తెలుగువాళ్లకు, అందులోనూ సాఫ్ట్‌వేర్ మీద బతికే ఇన్ని లక్షల ఇళ్లకు, తెలియాలని నా పట్టుదల.

క్లబ్బుకు దొరికిన చోటు బిల్డింగ్ 20. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ పరిశోధన కోసం 1943లో హడావిడిగా లేపిన చెక్క కట్టడం అది. యుద్ధం ముగిసిన ఆరు నెలలకు తీసేయాలనుకున్నారు. తీయలేదు. ఎవరికీ అక్కర్లేని కట్టడం కాబట్టి గోడకు రంధ్రం కొట్టినా, సీలింగు నుంచి తీగ వేలాడదీసినా అడిగేవాడు లేడు. ఆ స్వేచ్ఛే బొమ్మరైళ్ల వాళ్లకు వరమైంది. 20ఈ-214 అనే గదిలో వాళ్లు ఒక రైలు లోకాన్నే కట్టుకున్నారు. కొండలు, సొరంగాలు, యార్డులు, ఊళ్లు, అన్నీ 87వ వంతు కొలతలో. ఆ లెక్కన మన ప్యాసింజరు బోగీ జానెడు కన్నా కాస్త పొడుగు, అంతే.

ఆనాటి పద్ధతిలో బొమ్మరైలు నడపడంలో ఒక చిక్కుంది. ఇంజనుకు కరెంటు పట్టాల నుంచే అందుతుంది. వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది. తీగలు తారుమారు చేస్తే బండి వెనక్కి పోతుంది. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ ఒకే మీట మాట వింటాయి. ఒకటి ఆగి ఇంకొకటి కదలడం కుదరదు. అందుకని పట్టాలను బ్లాకులుగా విడగొట్టాలి. బండి కొత్త బ్లాకులోకి అడుగు పెట్టగానే దాన్ని నడిపే మనిషి మీట కూడా ఆ బ్లాకుకు తగులుకోవాలి, వెనక బ్లాకు మరొకరికి ఖాళీ కావాలి. ఎవరిని దేనికి కలపాలి, ఎప్పుడు విడదీయాలి? నిదానంగా ఆలోచిస్తే ఇది అచ్చంగా టెలిఫోన్ ఎక్స్ఛేంజి చేసే పని.

ఆ కిటుకును క్లబ్బు కుర్రాళ్లు పట్టుకున్నారు. క్యాంపస్ టెలిఫోన్ల వ్యవస్థ చూసే ప్రొఫెసరే వాళ్లకు సలహాదారు కావడం కలిసొచ్చింది. ఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ కాలేజీలకు విరాళంగా ఇచ్చే సామాను రైళ్లు పరిచిన బల్ల కిందికి చేరింది. టెలిఫోన్ డయలు తిప్పి రైళ్లను అదుపులోకి తెచ్చుకునేవాళ్లు. 1962 నాటికి అక్కడ దాదాపు 1200 రిలేలు, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులు, టకటకమంటూ ఉండేవి. మన రైల్వేలో సిగ్నల్, టెలికాం ఒకే శాఖ. 1957 నుంచి సికింద్రాబాద్‌లో ఆ శాఖ వాళ్లకు శిక్షణ ఇస్తున్న ఇరిసెట్‌లో చదివొచ్చినవారికి ఈ చుట్టరికం నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

క్లబ్బులో రెండు రకాల మనుషులుండేవారు. బల్ల పైవాళ్లు, బల్ల కిందివాళ్లు. పైవాళ్లు ఇంజన్లకు అసలు రంగులు వేసేవారు, చెట్లు నాటేవారు, టైంటేబులు ప్రకారం బండ్లు నడిపేవారు. కిందివాళ్లు ‘సిగ్నల్స్ అండ్ పవర్’ ఉపసంఘం. వైర్ల మధ్య వెల్లకిలా పడుకుని రాత్రుళ్లు గడిపేవారు. కంప్యూటర్ల చరిత్ర రాసినవాళ్లంతా కిందివాళ్లనే ఆకాశానికెత్తారు. ఇది నాకు సబబుగా తోచదు. పైన ఒక గూడ్సు సరిగ్గా వేళకు యార్డు చేరాలని పట్టుబట్టిన మనిషి లేకపోతే, కింద అన్ని రిలేలు పేర్చాల్సిన అవసరం ఎవరికొచ్చేది?

ఇద్దరికీ నియమం ఒకటే. లేఅవుట్ అనే ఆ రైలు లోకం మీద 40 గంటలు పని చేసినవాడికే గది తాళంచెవి. చందా కట్టినంత మాత్రాన ఇవ్వరు, మార్కులు చూసి ఇవ్వరు.

ఆ గదిలో మాటలు కూడా తయారయ్యేవి. పాడైపోయిన సామానుకు ఒక పేరు, పేరుకుపోయిన చెత్తకు ఒక పేరు, పుస్తకాల పురుగుకు ఒక పేరు. ఏ లాభమూ ఆశించకుండా, చేయడంలోని ఆనందం కోసమే తెలివిగా చేసిన పని ‘హ్యాక్’. పీటర్ శాంసన్ అనే సభ్యుడు 1959లో వీటన్నిటినీ నిఘంటువుగా కూర్చాడు. రైలు దేన్నో గుద్దబోతుంటే టక్కున అన్నీ ఆపేసే స్విచ్చులు గది చుట్టూ ఉండేవి. వాటిలో ఒకటి నొక్కితే డిస్పాచర్ బోర్డు మీది గడియారం ఆగి, అంకెల బదులు ‘ఫూ’ అన్న అక్షరాలు వెలిగేవి. ప్రోగ్రామింగు నేర్చుకున్న ప్రతివారూ ఉదాహరణల్లో ‘ఫూ’ను చూసే ఉంటారు. ఆ మాట క్లబ్బుకు ముందే ఉంది, కానీ కంప్యూటర్లవాళ్ల నోట దాన్ని నాటడంలో ఈ గది పాత్ర పెద్దది.

1958లో టీఎక్స్-0 అనే ట్రాన్సిస్టర్ కంప్యూటరు ఎం.ఐ.టి.కి వచ్చింది. క్లబ్బు పాత సభ్యుడు జాక్ డెన్నిస్ కుర్రాళ్లను దాని దగ్గరికి తీసుకెళ్లాడు. రిలేలతో చేసినదాన్నే ఇక్కడ ఆజ్ఞలతో చేయవచ్చని వాళ్లకు ఇట్టే అర్థమైంది. 1961లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ పీడీపీ-1 ఇచ్చింది. మరుసటి ఏడాదికి స్టీవ్ రస్సెల్, అతని స్నేహితులు ‘స్పేస్‌వార్’ ఆట తయారుచేశారు. కంప్యూటరు ముందరి స్విచ్చులతో ఆడితే మోచేతులు నొప్పెట్టేవి. అప్పుడు ఆలన్ కోటాక్, బాబ్ సాండర్స్ క్లబ్బుకు పరుగెత్తారు. రైళ్ల కోసం దాచిన విడిభాగాలతో చేతిలో పట్టుకుని ఆడే కంట్రోలు పెట్టెలు చేసుకొచ్చారు. ఇవాళ పిల్లల చేతుల్లో ఉండే గేమ్ కంట్రోలరుకు పూర్వీకుల్లో ఒకటి బొమ్మరైళ్ల సామానుతో పుట్టిందన్నమాట.

ఆ పాత లేఅవుట్ ఇవాళ లేదు.

ఆరు నెలల ఆయుష్షు అనుకున్న బిల్డింగ్ 20 అర్ధశతాబ్దం దాటి నిలిచింది. చివరికి 1998లో కూల్చేశారు. 2004లో అక్కడ స్టాటా సెంటర్ వెలిసింది. ఖాళీ చేయమన్నప్పుడు క్లబ్బు తన రైలు లోకాన్ని తీసుకెళ్లలేకపోయింది. బీరువా మోసినట్టు మోయగలిగేది కాదది. బల్లలు గది గోడల్ని బట్టి కోసినవి, కొండలు అక్కడికక్కడ పోతపోసినవి, వేల తీగలు చేత్తో కట్టినవి. విప్పితే మళ్లీ అతకవు. పాతదానిలో అధికభాగం ఆ తరలింపులోనే ధ్వంసమైంది.

దీన్ని తలచుకుంటే నాకిప్పటికీ బాధే. కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఒక పీడీపీ-1ను బాగుచేసి నడిపిస్తోంది. శాంసన్, రస్సెల్ వంటివాళ్లే దగ్గరుండి దాన్ని జనానికి చూపించారు. స్పేస్‌వార్ నేటికీ ఆడవచ్చు. శిష్యులు వాడిన రకం యంత్రానికి ఆ భాగ్యం దక్కింది, వాళ్లకు ఓనమాలు దిద్దించిన పట్టాలకు దక్కలేదు. కనీసం రిలేల వరసలున్న బల్ల ఒక్కటైనా కోసి, పటం గీసి భద్రపరచి ఉండాల్సింది. బల్ల పైభాగం ఫొటోలకు అందంగా ఉంటుంది. రాబోయే తరానికి పనికొచ్చే చదువంతా బల్ల అడుగున ఉంటుంది. లేఅవుట్లను కాపాడేవాళ్లు ఎక్కడైనా మొదట చేయాల్సింది సర్క్యూట్ పటాలు రాసిపెట్టడం, తీగలకు చీటీలు కట్టడం, వాటిని కట్టిన ముసలివాళ్లను కూర్చోబెట్టి చెప్పించుకోవడం.

క్లబ్బు మాత్రం చావలేదు. 1997లో మసాచుసెట్స్ ఎవెన్యూలోని ఎన్52 భవనానికి మారి మళ్లీ మొదటి బల్ల కాలు నిలబెట్టింది. కొత్త లేఅవుట్‌లో కాలం 1950ల నాటిది. ఆవిరి ఇంజన్లు తప్పుకుంటూ డీజిల్ బండ్లు వస్తున్న రోజులవి. రిలేల స్థానంలో మైక్రోకంట్రోలర్లు, వాటి మీద పెత్తనానికి ఒక లైనక్స్ కంప్యూటరు. క్యాంపస్‌లో ఎత్తైన గ్రీన్ బిల్డింగ్‌కు నమూనా కట్టి, దాని కిటికీల దీపాలతో టెట్రిస్ ఆడే ఏర్పాటు చేశారు. 2012లో విద్యార్థులు అసలు గ్రీన్ బిల్డింగ్ కిటికీలనే వెలిగించి టెట్రిస్ ఆడారు. బొమ్మలో ముందు జరిగింది, ఊళ్లో తర్వాత జరిగింది.

తరాలు మారినా ఆ గదిని నిలబెట్టింది కాగితాలే అని నా నమ్మకం. మినిట్స్ పుస్తకం మిగలబట్టి ఒక మాట పుట్టినరోజు దొరికింది. నిఘంటువు మిగలబట్టి ఆనాటి కుర్రాళ్ల నవ్వు మనకు వినబడుతోంది.

బోస్టన్ చుట్టుపక్కల చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు ఒక విన్నపం. క్లబ్బు సందర్శకులకు తలుపులు తీసే రోజు చూసుకుని వెళ్లండి, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. రైళ్లు తిరగడం చూశాక, అనుమతి అడిగి, ఒక్కసారి వంగి బల్ల కింద చూడండి.