మంచి బడి: నాటి కొలత, నేటి కొలత

బడిని అంకెలతో కొలవడం మనకు కొత్తేమీ కాదు. 19వ శతాబ్దం రెండో సగంలోనే, మన ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాజధానిలో, ఇన్‌స్పెక్టరు పరీక్షలో నెగ్గిన పిల్లల లెక్కను బట్టి బడులకు గ్రాంటు ఇచ్చేవారు. అయితే అది సర్కారు లెక్క. మా నాన్నగారి తరం చూసింది మాస్టారిని. "పంతులుగారు ఊళ్ళోనే కాపురం ఉంటున్నారా? వేళకు బడి తీస్తున్నారా?" అని అడిగేవారు.

1971లో సర్వేలులో, 1972లో తాడికొండ, కొడిగెనహళ్లిలలో గురుకుల పాఠశాలలు వెలిశాయి. వాటి ర్యాంకులు ఇంటింటా మాటయ్యాయి. ఆ తర్వాత ప్రైవేటు బడుల ప్రకటనలు మొదలయ్యాయి.

నేను విద్యాశాఖలో గుమాస్తాగా పనిచేశాను. ఉత్తీర్ణతా శాతాల పట్టికలు నేనే టైపు చేసేవాణ్ణి. పరీక్షకు హాజరైనవారిలో ఎందరు నెగ్గారన్నదే ఆ శాతం. తొమ్మిదిలోనే ఆగిపోయినవారు అందులోకి రారు. ఇది తెలిసి కూడా, నూటికి నూరు చూసి మా పెద్దవాణ్ణి ఒక ప్రైవేటు బడిలో వేశాను. తొమ్మిదో తరగతి చివర "మీవాడు నెగ్గడు, టీసీ తీసుకోండి" అన్నారు. మరుసటేడు వారికి మళ్ళీ నూరు శాతమే! మావాడు మునిసిపల్ హైస్కూల్లో లెక్కల మాస్టారి చలవతో గట్టెక్కాడు.

2012లో పదో తరగతికి మార్కుల బదులు గ్రేడ్లు వచ్చాయి. ప్రకటనల్లో నూటికి నూరు పోయి పదికి పది వచ్చింది.

మనుమలకు బడి వెతికే మిత్రులకు నా మనవి ఒక్కటే. ఎందరు నెగ్గారని కాదు, ఆరో తరగతిలో చేరినవారిలో ఎందరు పది దాకా మిగిలారని అడగండి.