కళ్ళకు రిటైర్మెంటు లేదు



పోయినవారి కంటితో మరొకరు లోకం చూడగలరంటే మన తాతలు నమ్మి ఉండరు. 1905 డిసెంబరు 7న, నేటి చెక్ దేశంలోని ఓల్మూట్జ్ పట్టణంలో, ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు సున్నం పడి చూపు పోయిన ఒక కూలీకి వేరొకరి కార్నియా అమర్చి చూపు తెప్పించారు. కార్నియా అంటే కంటి ముందుండే అద్దం వంటి పొర. అది 11 ఏళ్ళ బాలుడిది. గాయమై తీసివేయవలసి వచ్చిన కన్ను.

1930 దశకంలో ఒడెస్సాలో ఫిలాటోవ్ మృతుల కార్నియా కూడా పనికివస్తుందని రుజువు చేశారు. 1944లో న్యూయార్కులోను, 1945లో మద్రాసు కంటి ఆసుపత్రిలోను నేత్రనిధులు వెలిశాయి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే.

ఉద్యోగానికి వయోపరిమితి ఉంది గాని నేత్రదానానికి లేదు. కళ్ళజోడు, శుక్లాల ఆపరేషను, బి.పి., షుగరు అడ్డుకావు. ఒకరి కళ్ళు ఇద్దరికి చూపునివ్వగలవు. అయితే ప్రాణం పోయిన 6 గంటల్లోగా తీయాలి. అందాకా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది ఉంచాలి.

వచ్చే జన్మలో చూపుండదేమోనని మా ఇంటావిడ మొదట భయపడింది. "చితిలో కాలేదాన్ని ఒకరికిస్తే పాపమా?" అన్నాను. రెండు రోజులు ఆలోచించి తనూ సంతకం చేసింది.

మనం కార్డు రాసినా నేత్రనిధికి కబురు చేయవలసింది ఇంట్లోవారే. వారు ఒప్పుకోనిదే ఫైలు కదలదు. కాబట్టి ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఎక్కడున్నాయో చెప్పేటప్పుడే ఈ మాట కూడా పిల్లలకు చెప్పి ఉంచండి.