గుట్ట మీది కోట, గుట్ట కింది పేట

మన అధ్యక్ష మండలపు చరిత్రను గూర్చియు, డోర్నకల్ దేవాలయమును గూర్చియు ఈ సంచికలో పెద్దలు వ్రాస్తూనే ఉన్నారు. మేము వ్రాయదలచినది మన పొరుగున ఉండియు మనలో చాలమంది చూడని ఒక కోటను గూర్చి, ఆ కోటకు సొమ్ము సమకూర్చిన బజారులను గూర్చి.

మేము ఏడుగురము ఉదయపు పాసింజరు బండిలో బయలుదేరి, కాజీపేటలో బండి మారి, రఘునాథపల్లిలో దిగాము. అక్కడి నుండి ఆటోలో ఖిలాషాపూర్ చేరాము. ఇది జనగామ జిల్లాలోని గ్రామము. ఊరి ఇండ్ల మధ్య నుండి ఒక్కసారిగా రాతి గోడలు, బురుజులు లేచి నిలబడతాయి. గోడలు చాలచోట్ల శిథిలమై ఉన్నవి. మాలో పెద్దవారైన ఒక అమ్మగారు ఎక్కలేక క్రిందనే ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నారు. ఆ ఇంటివారు మంచినీళ్ళిచ్చి, "పాపన్న కోట చూడవస్తిరా?" అని ఆదరముగా పలకరించారు. మేము పైకి ఎక్కి వచ్చిన తరువాత తెలిసినదేమనగా, మా అందరికన్న ఎక్కువ సంగతులు విన్నది ఆమెయే.

సర్వాయి పాపన్నను ఎరుగని ఊరు ఈ ప్రాంతములో లేదు. ఆగస్టు 18న ఆయన జయంతి జరుపుతారు. కల్లు గీసే కులములో పుట్టి, మొగలాయి కాలములో షాపూరు గుట్టను స్థావరముగా చేసుకొని, ఫౌజుదారులను, జమీందారులను గడగడలాడించినవాడు. మొదట గుట్ట మీద కట్టినది మోటు కోట. రాయి, సున్నముతో గట్టి కోట లేచినది తరువాత. ఆ రెంటికి మధ్య జరిగినదే మా వ్యాసమునకు విషయము.

1708 మార్చి 31 సాయంకాలము. మరునాడు మొహర్రము పదవ దినము. వరంగల్లు పట్టణమంతా ఆ ఏర్పాట్లలో మునిగి ఉన్నది. కావలి సడలినది. పాపన్న రెండు మూడువేల కాలిబంటుతో, నాలుగైదు వందల గుఱ్ఱములతో వచ్చి పడ్డాడు. కొందరు దారులు మూశారు, కొందరు త్రాళ్ళు వేసి గోడలెక్కారు. రెండు మూడు దినములు దోపిడి సాగినది. వరంగల్లు ఆనాడు వర్తకుల ఊరు, తివాచీలు నేసే ఊరు. రొక్కము, బట్టలు మూటలు కట్టి పట్టుకొనిపోయారు. అంతేకాదు, కలిగినవారి ఇండ్ల నుండి స్త్రీలను, పిల్లలను వేలమందిని చెరపట్టి ఈ షాపూరుకు తెచ్చారు. పట్టణపు కాజీగారి భార్యను, కుమార్తెను కూడ విడిచిపెట్టలేదు.

ఆ సొమ్ముతోనే గట్టి కోట లేచినది. డచ్చి, ఇంగ్లీషు వర్తకుల వద్ద రెండు గొట్టముల తుపాకులు ఏడువందలు కొన్నారట. బంజారాల ఎద్దులను వేలకొలది పట్టి తెచ్చి తన పొలములలో అరకలకు కట్టించాడట. అనగా గుట్ట మీద రాయి మీద రాయి పేర్చినది కూలివాడే అయినను, ఆ కూలి డబ్బు వరంగల్లు నేతగాని మగ్గము మీద పుట్టినది, కోమటి దుకాణపు పెట్టెలో పెరిగినది. కోట చూడవచ్చినవారికి ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. ఈ సంగతులు ఎక్కువగా చెప్పినవాడు ఖాఫీఖాన్ అను మొగలాయి చరిత్రకారుడు. అతడు ఢిల్లీ పక్షమువాడు. అతనికి పాపన్న ఒక దొంగ. అమెరికా చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2005లో వెలువరించిన దక్కను చరిత్రలో ఈ కథకు ఒక అధ్యాయమే కేటాయించి, ఫారసీ వ్రాతలను, మన జానపదుల పాటను ప్రక్కప్రక్కన పెట్టి చూశాడు. ఆ పాటను 1874లో బాయిల్ అనే ఆంగ్లేయుడు అచ్చు వేయించాడు. పాటలో పాపన్న వెంట నడిచినవారు చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల, ఎరుకల. ఈ వరుస చదివినప్పుడు మేము ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నాము. ఊరి చివర ఇండ్లలో పుట్టినవారికి ఈ పేర్లు పరాయివి కావు. కనుక పాపన్నను దొంగ అని తీసివేయుట మాకు చేతకాదు. అట్లని చెరలో ఉన్న పిల్లల సంగతి పాటలో లేదు గనుక మరచిపోదామనుట కూడ మాకు చేతకాలేదు.

1709 జనవరిలో బహదూర్‌షా పాదుషా హైదరాబాదు వచ్చినప్పుడు పాపన్న పద్నాలుగు లక్షల రూపాయలు నజరానా పెట్టి ఖిల్లతు పొందాడు. అది ఎంతో కాలము నిలువలేదు. చెరపట్టబడినవారి బంధువులు పాదుషా వద్ద మొరపెట్టారు. ఈ మొరయే చివరకు పాపన్నను కూల్చినది. ఇంతలో కోటలోనే ఒక వింత జరిగినది. ఖైదీలలో పాపన్న బావమరిది, ఒక ఫౌజుదారు, ఉన్నాడు. అతని అక్కయో చెల్లెలో, అనగా పాపన్న భార్య, అన్నములో ఆకురాళ్ళు దాచి పంపినది. ఖైదీలు సంకెళ్ళు కోసుకొని, పాపన్న ఊరిలో లేని సమయమున కోటను పట్టుకొన్నారు. ఏ గోడలైతే వారి సొమ్ముతో కట్టినవో, ఆ గోడల మీది ఫిరంగులనే అతని మీదికి తిప్పారు! పాపన్న తాటికొండకు తరలిపోయాడు. 1710లో హైదరాబాదు సుబేదారు యూసుఫ్‌ఖాన్ ముట్టడించి, రెట్టింపు జీతము ఆశ చూపి అతని బంట్లను లాగుకొన్నాడు. మారువేషముతో పారిపోయిన పాపన్న హసనాబాదులో ఒక కల్లు దుకాణము వద్ద గుర్తింపబడి, పట్టుబడి, చంపబడ్డాడు. పట్టించినవాడు కల్లు అమ్మేవాడే.

మధ్యాహ్నము జనగామకు వచ్చి భోజనము చేసి, బండి ఎక్కి భువనగిరిలో దిగాము. పాపన్న 1708 జూన్‌లో ఈ ఊరి మీద కూడ పడ్డాడు. అదియు పండుగ దినమే. పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని త్రిభువనమల్ల అనే బిరుదు మీదుగా ఈ కొండకు పేరు వచ్చినదంటారు. ఒకే బండరాయి, అయిదువందల అడుగులకు మించిన ఎత్తు. బోర్లించిన గుడ్డు వలె నున్నగా ఉంటుంది. పైన కోట, క్రింద కొండను ఆనుకొని ఊరు, బజారు సందులు. వరంగల్లులో గోడ ఎక్కినవాడు ఈ రాయి ఎక్కుట కష్టమే. అయితే దోపిడికి రాయి ఎక్కవలసిన పని ఏమున్నది? ధాన్యము, బట్ట, నగ అన్నియు క్రింది పేటలోనే ఉండెను. కొండ రాజును కాపాడుతుంది గాని పేటను కాపాడదని ఆ సందులలో నడుస్తున్నప్పుడు మాకు తోచినది.

టికెట్టు కొని కొండ ఎక్కేవారు కనబడ్డారు. పేటను చూడవచ్చినవారము మేమే అనిపించినది. ఒక బట్టల దుకాణములో అమ్మగారు రెండు దుప్పట్లు బేరమాడారు. వరంగల్లు జంఖానాలున్నవా అని అడిగాము. వరంగల్లు తివాచీలు 1851లో లండను ప్రదర్శనకు వెళ్ళినవి. జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. కొత్తవాడలో ఇప్పటికిని మగ్గములు ఆడుతున్నవి. అనగా 1708లో దోచుకొనబడినవారి పనితనము కోట గోడలకన్న గట్టిగా నిలిచినది. దుకాణదారు నవ్వి, "అవి కావాలంటే వరంగల్లే పోవాలె, మీరు వచ్చిన తొవ్వలనే కద ఉన్నది" అన్నాడు. అమ్మగారు పది రూపాయలు తగ్గించమని మరియొకసారి అడిగి, తగ్గించుకొని, దుప్పట్లు సంచిలో పెట్టుకొన్నారు. బండికి వేళయినదని మేము స్టేషను దారి పట్టాము.